దించాకే అసలు పని

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగారు. కవిత రాయడం నాకు చేతకాదు. అందుకని నాకు వచ్చిన ఒకే ఒక్క విద్య గురించి రాస్తున్నాను. అది రేడియో కంట్రోల్ విమానాలను చూసుకోవడం. ఎగిరించడం కాదు సుమా, చూసుకోవడం. ఎగిరించడానికి అందరూ ముందుకొస్తారు.

మన హాస్టల్లో పదో తరగతి పూర్తి చేసి వెళ్లాక, డిగ్రీలో ఎన్.సి.సి. ఎయిర్ వింగులో చేరాను. అక్కడ ఏరోమోడలింగ్ నేర్పుతారు. మా విమానం బాల్సా చెక్కతో చేసింది. ఈ చివరి నుంచి ఆ చివరికి రెక్కలు ఐదడుగులు. ముక్కున చిన్న గ్లో ఇంజను. మా నలుగురికీ కలిపి ఆ ఒక్క ఇంజనే. అది పాడైతే ఆ ఏడాదంతా మైదానంలో నిలబడి పక్కవాళ్ల విమానాలు చూడాల్సిందే. కొత్తది కొనిపెట్టగల ఇల్లు మాలో ఎవరికీ లేదు. ఒకే ట్రంకు పెట్టెను ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా కాపాడుకున్న మనవాళ్లకు ఈ సంగతి వివరించనక్కర్లేదు.

అందరూ ఎగిరించే ముందు పరీక్షిస్తారు. పరీక్షించాలి కూడా. కానీ అప్పుడు మనసు అప్పటికే ఆకాశంలో ఉంటుంది, చేతులు తొందరపడతాయి. నన్నడిగితే అసలు పని విమానం దించాక మొదలవుతుంది. గ్లో ఇంజను ఇంధనంలో మిథనాల్, నైట్రోమీథేన్, నూనె కలిసి ఉంటాయి. మిథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. మిగిలిపోయిన ఇంధనాన్ని లోపలే వదిలేస్తే బేరింగులు తుప్పు పడతాయి. అందుకే చివరిసారి దించాక ఇంధనం గొట్టం నొక్కిపట్టి, ఇంజను దానంతటదే ఆగేదాకా నడపాలి. ట్యాంకు ఖాళీ చేసి, ఇందుకోసమే అమ్మే నూనె నాలుగు చుక్కలు ఇంజనులో వేసి, ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పాలి.

తరవాత తుడవడం. పొగగొట్టంలోంచి వచ్చిన నూనె విమానం పొట్టంతా పూసుకుని ఉంటుంది. అది బాల్సాలోకి ఇంకితే చెక్క మెత్తబడుతుంది, జిగురు పట్టదు. సబ్బునీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడవాలి. గుడ్డ వెళ్లిన చోటికల్లా కన్నూ వెళుతుంది. బీట, లేచిన అంచు, వదులైన స్క్రూ అప్పుడే దొరుకుతాయి.

ఒక సాయంత్రం అలా తుడుస్తుంటే, తోక దగ్గర ఎలివేటర్‌కున్న మూడు బందుల్లో రెండు ఊడి ఉన్నట్టు మావాడొకడి చేతికి తగిలింది. మర్నాడు ఉదయం స్కూలు పిల్లల ముందు ఎగిరించాల్సిన విమానం అది. రెండు కిలోల బరువు, ముందు గిరగిరా తిరిగే ప్రొపెల్లర్. ఆ రాత్రి మెస్సు మూసేదాకా కూర్చుని అతికించాం. అప్పటినుంచి కదిలే ప్రతి ముక్కనూ వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగి చూడటం అలవాటైంది. ఊడేదేదో చేతిలోనే ఊడనివ్వాలి.

ప్రొపెల్లర్ అంచు మీద గోరు నడిపిస్తే గాటు తెలుస్తుంది. గాటు పడ్డదాన్ని అతికించకండి, విరిచి పారెయ్యండి. మనం అన్నింటా పొదుపరులమే, ఇక్కడ మాత్రం పొదుపు వద్దు.

ఇప్పుడు మన తమ్ముళ్లు ఇంజనీరింగ్ కాలేజీల్లో ఎక్కువగా బ్యాటరీ విమానాలే చేస్తున్నారు. నూనె గొడవ లేదు. కానీ లిథియం పాలిమర్ బ్యాటరీ ఇంజను కంటే మొండిది. నిండా చార్జయితే ఒక్కో సెల్లు 4.2 వోల్టులు. 3 వోల్టుల కిందికి దిగితే దెబ్బతింటుంది. పక్కన పెట్టేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. ఆదివారం ఎగిరిద్దామని బుధవారమే నిండా చార్జి చేసి పెట్టొద్దు. 2200 ఎం.ఎ.హెచ్. బ్యాటరీకి 2.2 ఆంపియర్లు చాలు, సెల్లులన్నిటినీ సమంగా నింపే చార్జరే వాడాలి. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ చార్జి చెయ్యకూడదు.

ఇంకో మాట, కాస్త గట్టిగానే చెబుతున్నాను. హాస్టల్ గదిలో మంచం మీద, దుప్పట్ల పక్కన చార్జింగ్ పెట్టి నిద్రపోవద్దు. ఆ బ్యాటరీ అంటుకుంటే ఆర్పడం కష్టం, ఆ గదిలో పడుకున్నది మీరొక్కరే కాదు. ఉత్త గచ్చు మీద, మీ కళ్లెదుట పెట్టండి. బల్ల మీద రిపేరు చేసేటప్పుడు బ్యాటరీ కలపాల్సి వస్తే ముందు ప్రొపెల్లర్ ఊడదీయండి. ఎలక్ట్రిక్ మోటారు చప్పుడు లేకుండా కూర్చుని ఉండి, చెయ్యి తగిలేసరికి తిరుగుతుంది.

ఇంత చేశాక ఉదయం మిగిలేది కొంచెమే. ముందు చేతిలోని ట్రాన్స్‌మిటర్, తరవాత విమానం ఆన్ చెయ్యాలి. ఆపేటప్పుడు తిరగేసి. రేంజి పరీక్షకు పెట్టి ముప్పై అడుగులు నడిచి, రెక్కలు మాట వింటున్నాయో లేదో చూడాలి.

నా దగ్గర పాత సర్వోలు ఆరు, మంచి చార్జరు ఒకటి ఊరికే పడి ఉన్నాయి. కావలసిన తమ్ముళ్లు ముందుగా చెబితే వార్షికోత్సవం రోజు వెంట తెస్తాను.