ముందు పట్టీ చూడండి
మాది బెజవాడ. ఇంట్లో ఉర్దూ, పనిలో తెలుగు. టైళ్లు కోసి పరచడం మా బతుకు.

పొద్దున్నే మిషన్ ప్లగ్గు పీకి తొట్టి కడుగుతాం. నిన్నటి బురద ఎండితే సిమెంటులా బిగుసుకుని పంపు మూసుకుపోతుంది. నీళ్లందక వజ్రపు బ్లేడు మాడిపోతుంది. అందుకే పంపు మునిగేదాకా కృష్ణ నీళ్లు పోస్తాం. ఆ నీళ్లు బ్లేడుకే కాదు, మా ఊపిరితిత్తులకీ కాపలా. అబ్బాజాన్ రోజుల్లో అంతా పొడికోతే. సిలికా దుమ్ము, రాత్రంతా ఆయన దగ్గు మాకింకా గుర్తే.

తర్వాత మూలమట్టం పెట్టి, టైలు ఆనించే పట్టీ బ్లేడుకు 90 డిగ్రీల్లో ఉందో లేదో చూస్తాం. అనుమానముంటే ఒక టైలు కోసి, ఒక ముక్కను బోర్లించి, రెండింటినీ పట్టీకి ఆనించి చేరుస్తాం. వంకర ఉంటే సందు రెట్టింపై కనబడుతుంది. అప్పుడు టైలును తిట్టం. మరలు వదులు చేసి పట్టీని సరిచేస్తాం.

మొన్న పటమటలో ఒకరింట్లో పూజగదికి టైళ్లు వేశాం. వెంట్రుకవాసి తేడా లేదని మురిసిపోయిన ఇంటాయన పేర్లడిగాడు. చెప్పాం. "తెలుగు బాగా మాట్లాడతారే!" అన్నాడు. మా తాతలూ ఈ కృష్ణ నీళ్లే తాగారు, మరే భాష మాట్లాడాలి? మర్నాటి నుంచి ఆ గది గడప దాటొద్దన్నాడు. మేం మోకాళ్ల మీద పాకి పరిచిన నేల అది!

ఎప్పుడూ కొలతకు నిలబడేది మేమే. మా తెలుగు కొలుస్తారు, దేశభక్తి కొలుస్తారు, వంకర ఉందంటారు.

అయ్యా, మీ పట్టీకి ఒక్కసారైనా మూలమట్టం పెట్టి చూశారా?