నల్ల సూట్‌కేస్

సోమవారం తెల్లవారుజామున ఐదున్నరకి ఐసెలిన్ మెట్రోపార్క్ స్టేషన్‌కి వస్తే మన కన్సల్టెంట్ల జాతర చూడొచ్చు. చేతిలో చక్రాల పెట్టె, భుజాన లాప్‌టాప్ సంచి, పెట్టెలో ఎక్కడో అడుగున ఆవకాయ సీసా. (పచ్చడి ద్రవమా, ఘనమా అన్నది ఆ రోజు సెక్యూరిటీ దగ్గర ఎవరున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది.) కొందరు న్యూయార్క్ దాకా పోతారు. మిగిలినవాళ్లు నెవార్క్ ఎయిర్‌పోర్టు స్టేషన్‌లో దిగిపోతారు.

2013లో నేనూ ఆ జాతరలో ఒకణ్ణి. ప్రాజెక్టు సిరక్యూస్‌లో. కారులో వెళితే నాలుగు గంటల పైమాటే. అందుకని వారం వారం రెండు ప్రొపెల్లర్ల బుల్లి విమానం. ముప్పై ఏడు సీట్లు, ఒకే ఒక్క ఎయిర్ హోస్టెస్. అప్పటికి ఆరేళ్ల మా అమ్మాయి దాన్ని "ఆటో విమానం" అనేది.

ఆ ఏడాది మే 18న, అర్ధరాత్రి దాటాక, ఫిలడెల్ఫియా నుంచి నెవార్క్ వస్తున్న డాష్-8 విమానానికి ఎడమవైపు చక్రాలు కిందికి దిగలేదు. పైలట్లు మిగతా చక్రాలు కూడా పైకి మడిచేసి, విమానాన్ని పొట్ట మీదే రన్‌వేపై దించారు. లోపలున్న 34 మందిలో ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆ వార్త చూసి మా ఆవిడ "ఏమండీ, మీరెక్కేది కూడా ఇలాంటిదేనా?" అని అడిగింది. "అది ఫిలడెల్ఫియా విమానం కదా" అన్నాను. అడిగినదానికి అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

నవంబరులో ఒక సోమవారం. నాది కుడివైపు కిటికీ సీటు. విమానం ఎగిరిన పావుగంటకి మోత మారింది. బయటికి చూద్దును కదా, ఎప్పుడూ పలచటి పొగలా కనబడే ప్రొపెల్లర్ నెమ్మదించి, నెమ్మదించి, ఆగిపోయింది. రెక్కలు లెక్కపెట్టాను. నాలుగు. అన్ని నెలలు దాని పక్కనే కూర్చున్నా, ఎన్ని రెక్కలో అప్పటిదాకా నాకు తెలియదు.

కుడి ఇంజన్‌లో ఆయిల్ ప్రెషర్ పడిపోయిందనీ, ముందుజాగ్రత్తగా తామే ఆపేశామనీ, తిరిగి నెవార్క్‌కే వెళుతున్నామనీ, కింద ఫైరింజన్లు కనబడితే కంగారు పడొద్దనీ కెప్టెన్ చెప్పాడు. సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు ప్లాట్‌ఫారం మారిందని చెప్పేంత మామూలుగా చెప్పాడు.

పిల్లలూ, ఇక్కడ మీకొక సంగతి. కారు కిటికీలోంచి అరచెయ్యి బయటపెడితే (అమ్మానాన్నలు వద్దంటారు, పెట్టకండి, ఊహించుకోండి చాలు) అడ్డంగా ఉన్న చేతిని గాలి వెనక్కి తోస్తుంది. చేతి అంచుని గాలికి ఎదురుగా తిప్పితే గాలిని కోసుకుంటూ పోతుంది. ఆగిన ప్రొపెల్లర్ రెక్కల్ని కూడా అలాగే అంచు తిప్పి పెడతారు. ఇక రెండెడ్ల బండిలో కుడి ఎద్దు ఆగిపోతే, ఎడమది లాగుతుంటే బండి కుడికి తిరుగుతుంది కదా! విమానమూ అంతే. పైలట్ తోక దగ్గరుండే చుక్కానిని రెండోవైపుకి తొక్కిపట్టి దాన్ని తిన్నగా నడపాలి. ఒక ఇంజన్ పోయినా ఎగరగలదని రుజువైతేనే ఇలాంటి విమానానికి అనుమతి ఇస్తారు. పైలట్లు సిమ్యులేటర్‌లో ఇదే పని మళ్లీ మళ్లీ అభ్యాసం చేస్తారు.

ఇవన్నీ తర్వాత చదువుకున్నవి. ఆ క్షణాన నాకు గుర్తొచ్చింది మా ఫెయిలోవర్. ఒక సర్వర్ పడిపోతే రెండోది అందుకుంటుందని క్లయింటుకి స్లైడులు చూపిస్తాం. ఏ ఆదివారం రాత్రో పరీక్షించి చూస్తే అది అందుకోదు. నా ధైర్యాన్ని తినేసింది నా వృత్తే.

ఫోన్ తీశాను. నాది హెచ్-1బి, ఆవిడది నా వెనక హెచ్-4. అప్పట్లో హెచ్-4 మీద ఉద్యోగం చేసే వీలు లేదు. 2015లో కొందరికి ఆ అనుమతి వచ్చింది గానీ, అది తర్వాతి మాట. నేను లేకపోతే ఆ వీసా కూడా ఉండదు. అద్దె, బిల్లులు, బ్యాంకు పాస్‌వర్డులు అన్నీ నా బుర్రలోనే ఉన్నాయి. ప్రేమగా ఏదైనా రాద్దామనే మొదలుపెట్టాను, నమ్మండి. తీరా రాసింది ఇదీ: "ఇన్సూరెన్స్ కాగితాలు నల్ల సూట్‌కేస్‌లో ఉన్నాయి. పాప జాగ్రత్త." పంపాను. సిగ్నల్ లేదు, వెళ్లలేదు.

విమానం చక్కగా దిగింది. చిన్న కుదుపు, అంతే. ఫైరింజన్లు పక్కనే పరుగెత్తుకుంటూ వచ్చాయి. అందరూ చప్పట్లు కొడుతుంటే నా ఫోన్‌కి సిగ్నల్ వచ్చింది. నేను చెరిపేలోగా ఆ మెసేజ్ దానంతటదే వెళ్లిపోయింది.

అర నిమిషంలో ఫోన్ మోగింది. "ఎక్కడున్నారు?"

"నెవార్క్‌లోనే. వెనక్కొచ్చాం. బాగానే ఉన్నాను."

చాలాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత "రైలెక్కి వచ్చేయండి" అంది.

మెట్రోపార్క్‌లో కారు దగ్గర ఆవిడ నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, స్టీరింగ్ ముందు కూర్చుంది. ఓక్‌ట్రీ రోడ్డులో నగల కొట్లూ చీరల కొట్లూ అప్పుడే షట్టర్లు ఎత్తుతున్నాయి. దోసెలు చెప్పాం. ఆవిడ దోసె చల్లారిపోయింది.

"మేలో అడిగినప్పుడు నిజం చెప్పుంటే, వెళ్లొద్దనేదాన్నా?" అంది. "కాగితాలెక్కడున్నాయో అప్పుడే అడిగి తెలుసుకునేదాన్ని."

నా దగ్గర జవాబు లేదు. ఇకమీదట కారులో వెళతానన్నాను. మంచులో 81వ నంబరు రోడ్డు మీద, నిద్రచాలని కళ్లతో వెళ్లడం ఏ రకంగా నయమని ఆవిడ అడిగింది. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని 2009 ఫిబ్రవరి 12న నెవార్క్ నుంచి బఫెలో వెళుతూ కూలిన విమానం గురించి చదివాం. విమానంలో ఉన్న 49 మందీ, నేల మీద ఒకరూ పోయారు. అందులో ఇంజన్లు బాగానే ఉన్నాయి. వేగం తగ్గిపోతోందని వచ్చిన హెచ్చరికకి కెప్టెన్ చెయ్యవలసినదానికి విరుద్ధంగా చేశాడని దర్యాప్తులో తేలింది. ఆ ప్రమాదం తర్వాతే చట్టం మారి, 2013 నుంచి కో-పైలట్లకి కూడా మామూలుగా 1500 గంటలు నడిపిన అనుభవం ఉండాలన్నారు. మా విమానం నడిపినవాళ్ల పేర్లు కూడా నేను అడగలేదని అప్పుడు తట్టింది.

తర్వాత సూట్‌కేస్ మంచం కిందనుంచి బయటికి వచ్చింది. ఇన్సూరెన్సు, పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, పాస్‌వర్డులు అన్నీ ఆవిడ తన దస్తూరీలో ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించింది. తెల్లవారుజాము రెండయింది.

తరువాతి సోమవారం ఐదున్నరకి మళ్లీ మెట్రోపార్క్. పెట్టె దించుకుంటుంటే ఆవిడ కారు అద్దం దించి పిలిచింది. టికెట్టు మరిచిపోయానేమో అనుకుని వెనక్కి వెళ్లాను.

"నల్ల సూట్‌కేస్ తాళంచెవి మీ జేబులోనే ఉంది. ఇచ్చి వెళ్లండి."