చేపలతొట్టికి చోటు

కాకినాడలో ఒక పాత డాబాయిల్లు కలదు. ఆ ఇంట తాతయ్య, మామ్మ, వారి కుమారుడు, కోడలు, ఎనిమిదవ తరగతి చదువుచున్న మనుమడు నివసించుచుండిరి. వేసవి సెలవులకు కొంచెము ముందు, ఒకనాటి సాయంకాలమున ఇద్దరు కూలీలు పెద్ద గాజుతొట్టి నొకదానిని మోసికొనివచ్చి వసారాలో దింపిరి. మనుమని ఆనందమునకు మేర లేకపోయెను.

"తాతయ్యా! దీనిని ముందుగదిలో తూర్పు కిటికీ క్రింద పెట్టుదము. వీధిని పోవువారికి గూడ చేపలు కనబడును" అని వాడు తొందరపెట్టెను.

"ఖాళీతొట్టిని ఎక్కడికైనను జరుపవచ్చును నాయనా! నీరు నింపిన పిదప జరుపరాదు. కావున ఆలోచన యంతయు ముందే జరుగవలెను" అని తాతయ్య పలికెను.

తాతయ్య ఇట్లనుటకు కారణము కలదు. క్రిందటి వేసవిలో ఆ బాలుడు ఒక చిన్న గాజుపాత్రలో రెండు బంగారుచేపలను పెంచెను. ఆ పాత్రను తూర్పు కిటికీ గూటిలోనే ఉంచెను. ఏప్రిలు మాసమున ఒకనాడు వాడు ఒంటిపూట బడినుండి వచ్చి చూచునప్పటికి రెండును నీటిపై తేలియుండెను. మేత ఎక్కువయ్యెనో, తక్కువయ్యెనో యని తన్నుతానే నిందించుకొని వాడు రెండు దినములు సరిగా అన్నము తినలేదు.

ఆ మరణమునకు కారణమును తాతయ్య ఇప్పుడు వివరించెను. "చేపలు నీటిలో కరగియున్న ప్రాణవాయువును మొప్పలతో పీల్చి బ్రతుకును. ఇరువది డిగ్రీల వేడిమిగల లీటరు నీటిలో ఆ వాయువు సుమారు 9 మిల్లీగ్రాములు ఇముడును. ముప్పది డిగ్రీలకు వేడెక్కినచో అది ఏడున్నరకు తగ్గును. చిన్నపాత్రలోని నీరు ఎండకు త్వరగా కాగును. తప్పు నీ మేతది కాదు. మనము చూపిన చోటుది."

మరునాడు తాతామనుమలు తొట్టిని కొలిచిరి. పొడవు 120, వెడల్పు 45, ఎత్తు 45 సెంటీమీటర్లు. లెక్క కట్టగా 243 లీటర్లు వచ్చెను. లీటరు నీరు ఒక కిలోగ్రాము తూగును గదా! గాజు, ఇసుక, రాళ్ళు, బల్ల కలిసినచో బరువు 300 కిలోగ్రాములు దాటునని తేలెను. అనగా నలుగురైదుగురు మనుష్యులు రేయింబవళ్ళు కదలక ఒకేచోట నిలుచున్నట్లే. "మేడగది కప్పుపై ఇంత బరువు వద్దు. నేలమీది గట్టి గచ్చే మేలు" అని తాతయ్య నిర్ణయించెను.

పిమ్మట ఎండను పరీక్షింపవలసి వచ్చెను. నేరుగా ఎండ సోకినచో నీరు కాగుటయే గాక, గాజునిండ పచ్చని పాచి పట్టును. అందుచే బాలుడు సుద్దముక్కను, ఒక పుస్తకమును చేతబట్టుకొని, ఆదివారమున గంట గంటకు ప్రతి గదిలోను ఎండ పడిన మేర గీత గీసెను. ముందుగదిలో ఉదయము ఏడు మొదలు పదివరకు ఎండ నిండెను. వంటయింటి ప్రక్కన ఎండ లేదు గాని పొగయు, నూనె ఆవిరియు కలవు. వీధితలుపు చెంత స్థలమున్నది గాని, తలుపు పడినప్పుడెల్ల గోడ అదరును. చేపకు ఇరుప్రక్కల పార్శ్వరేఖ యను జ్ఞానేంద్రియము కలదనియు, అది నీటిలోని స్వల్పమైన కదలికను సైతము పసిగట్టుననియు తాతయ్య చెప్పెను.

మధ్యాహ్నము మూడు గంటలకు బాలుడు పెరటిగదికి పోయెను. మోకాళ్ళ నొప్పులచే నడువలేని మామ్మ రెండేండ్లుగా ఆ గదిలోనే ఉండెను. అచటనైనచో వచ్చిపోవువారికి అడ్డముండదని ఆమె మంచము నందు వేసిరి. పడమటి కిటికీనుండి ఎండ మంచముమీదుగా ఆవలి గోడవరకు పరచుకొనియుండెను. మామ్మ ముఖముపై చెంగు కప్పుకొని పడుకొనియుండెను. వాని సుద్దగీత మంచపుకోళ్ళవద్ద ఆగిపోయెను.

"మామ్మా! ప్రతిదినము ఇట్లే ఎండ పడునా? ఎన్నడును చెప్పలేదేమి?" అని వాడడిగెను.

"సాయంకాలమునకు అదియే పోవును గదా నాయనా! నాకు ఎక్కడైన నేమి?" అని ఆమె నవ్వెను.

బాలుడు ఆ సంగతిని గూడ పుస్తకములో వ్రాసి తాతయ్యకు చూపెను. ఆయన దానిని చదివి చాలసేపు మాటాడలేదు. చేపలకొరకు ఇల్లంతయు కొలిచిన తాను ఆ ఒక్క మంచమును గూర్చి తలపలేదు గదా యని ఆయన మనస్సు నొచ్చెను.

ఆనాటి రాత్రి అందరును కూర్చుండి నిశ్చయించిరి. నడిమిగదిలో వెలుతురు కలదు, గాలి కలదు, ఎండ లేదు. ముందుగా మామ్మ మంచమునే అచటికి మార్చిరి. పిదప దాని కెదురుగా లోపలిగోడ చెంత తొట్టికి చోటు చూచిరి. కడిగిన నీరు పోవుటకై గచ్చు ఒకవైపునకు వాలియుండుటను రసమట్టము చూపెను. బరువు ఒకవైపునకు ఒరగినచో గాజు పగులు ప్రమాదము కలదు. కావున బల్లకాళ్ళ క్రింద చెక్కముక్కలు పెట్టి సరిచేసి, తొట్టి అడుగున థర్మోకోలు పలక పరచిరి. తీగవెంట జారు నీటిచుక్క ప్లగ్గును చేరకుండ, తీగను కొంత క్రిందికి వ్రేలాడనిచ్చి పిమ్మట పైకి త్రిప్పి తగిలించిరి.

నీరు నింపి, చేపల మలినమును హరించు సూక్ష్మజీవులు వృద్ధియగువరకు కొన్ని వారములు ఓపికపట్టిరి. తరువాత కొద్దిపాటి చేపలను విడిచిరి. మామ్మ వానిని ప్రొద్దస్తమానము చూచుచు, ఏది మేత తినెనో, ఏది తినలేదో మనుమనికి చెప్పుచుండెను.

జూను మాసమున ఒకనాటి రాత్రి గాలివాన వచ్చి విద్యుత్తు నిలిచిపోయెను. అందరును నిద్రలో నుండిరి. గాలిపంపు చప్పుడు ఆగుట మామ్మయే గుర్తించెను. కొంతసేపటికి ఆమె చేతిదీపము వెలిగించి చూడగా, చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరచుచుండెను. ఆమె కేకకు మనుమడు లేచివచ్చి, తొట్టిలోని నీటినే చెంబుతో ముంచి ఎత్తునుండి పోయసాగెను. అట్లు పోసినచో గాలి నీటిలో కలియును. విద్యుత్తు వచ్చువరకు వాడు ఆగుచు పోయుచునే యుండెను. ఆమె దీపము పట్టుకొనియే యుండెను. తెల్లవారునప్పటికి చేపలన్నియు యథాప్రకారము ఈదుచుండెను.

బాలుడు ఆ ఉదయము తన పుస్తకము తెరచి, ఎండ, బరువు, మట్టము, తీగ అని వ్రాసికొన్న పట్టిక చివర మరియొక పంక్తి చేర్చెను: "తొట్టి యుండు చోట, దానిని నిత్యము చూచువారొకరు ఉండవలెను."