పాటల పెట్టెలో చెదిరిన సినిమా

‘శంకరాభరణం’ పాటలన్నీ ఒకే ఫోల్డరులో ఉన్నాయి. అయినా ప్లేయర్ తెరిస్తే ఆ ఆల్బమ్ ముక్కలుముక్కలుగా కనిపిస్తుంది: బాలసుబ్రహ్మణ్యం పాడినవి ఒకచోట, జానకితో కలిసి పాడినవి ఇంకోచోట, వాణీ జయరామ్‌వి మరోచోట. నా ప్రాణం విలవిల్లాడుతుంది.

చాలా ప్లేయర్లు ఫోల్డరును పట్టించుకోవు, ఫైలు లోపలి ట్యాగులనే చదువుతాయి. ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ గడి ఖాళీగా ఉంటే పాడినవారి పేరును బట్టి విడదీస్తాయి. ఒకే గాయకుడి ఆల్బమ్‌కు దీనితో చిక్కు లేదు. మన సినిమాలో పాటపాటకూ గొంతు మారుతుందే! అందుకే ఆ గడిలో అన్నిటికీ కె.వి.మహదేవన్ అని రాస్తాను. గాయకుల పేర్లు ‘ఆర్టిస్ట్’ గడిలోనే ఉంటాయి. సినిమా పాటలను ఒక్కతాటిపై నిలిపేది సంగీత దర్శకుడేనని నా నమ్మకం. ఆ పేరు అన్ని ఫైళ్లలోనూ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. ఇనిషియల్ దగ్గర చుక్క తేడా వచ్చినా మళ్లీ చీలిక. ట్యాగులు మార్చే ఎంపీ3ట్యాగ్ సాఫ్ట్‌వేర్‌లో అన్నిటినీ ఎంచుకుని ఒక్కసారే మార్చేయవచ్చు.

‘దేవదాసు’ది తిరగబడ్డ కథ. ఆ పేరుతో వచ్చిన సినిమాలకు సంగీత దర్శకులు వేరువేరు: 1953లో సుబ్బరామన్, 1974లో రమేశ్ నాయుడు, 2006లో చక్రి. ఆల్బమ్ పేరు మాత్రమే చూసే ప్లేయర్ మూడింటినీ కలిపేస్తుంది. పేరు పక్కన సంవత్సరం చేర్చాలి. సుబ్బరామన్ సినిమా విడుదల కాకముందే, 1952లోనే కన్నుమూశారు. కనీసం ఆయన పాటలు ఆయన పేరు కిందే ఉండాలి.