పాలకొల్లు నుంచి హిమాయత్‌నగర్‌కి

నర్సాపురం ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాద్ చేరేసరికి ఇంకా చీకటిగానే ఉంది. సాయంత్రం పాలకొల్లులో రైలెక్కేటప్పుడు తెలిసినవాళ్లు ఎదురైతే ఏం చెప్పాలో నేనూ మా అమ్మాయీ ముందే కూడబలుక్కున్నాం. ఉద్యోగం ఇంటర్వ్యూ ఉందని చెబుదామనుకున్నాం. ఇక్కడ దిగాక ఆ మాటతో పనే పడలేదు. అన్ని వందల మందిలో ఒక్కరూ మమ్మల్ని ఏమీ అడగలేదు. మా ఊళ్లో పాల ప్యాకెట్టుకి వీధి చివరిదాకా వెళ్తే నలుగురు "ఎక్కడికండీ" అంటారు. ఆ పలకరింపంటే నాకు ఇష్టమే. కానీ అది లేని చోట మా అమ్మాయి భుజాలు నిటారుగా పెట్టుకుని నడవడం ఆ తెల్లవారుజామునే చూశాను.

మేం వెళ్లింది ఒక కౌన్సెలర్ని కలవడానికి. మా అమ్మాయి ట్రాన్స్‌జెండర్. పుట్టినప్పుడు కాగితాల్లో మగపిల్లాడని రాశారు, తను ఆడపిల్ల. డిగ్రీ అయింది. మాతో చెప్పుకున్నాక ఇల్లు ఒక దారికి వచ్చింది గానీ, తనకి రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. మాట్లాడటానికి ఇంట్లోవాళ్లు కాని మనిషి కావాలంది. ఈ ప్రయాణం గురించి రాయమన్నది కూడా తనే. పేరు మాత్రం వద్దంది.

ముందు మా దగ్గరి పట్నంలోనే చూపించాం. ఒక డాక్టరు పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయన్నారు. ఇంకొకాయన మర్యాదస్తులే. కాకపోతే ట్రాన్స్‌జెండర్ అంటే ఏమిటో ఆ గంటసేపూ మా అమ్మాయే ఆయనకి వివరించాల్సి వచ్చింది. బయటికొచ్చాక "నా గురించి ఏమీ మాట్లాడలేదమ్మా" అంది. హైదరాబాద్‌లో ఫోన్లు చేస్తే గంటకి 1500 అన్నవాళ్లున్నారు, 2000 అన్నవాళ్లున్నారు. మా ఆయన ఎరువుల కొట్లో లెక్కలు రాస్తారు. వారం వారం అంత కట్టడం మా వల్ల కాదు. విషయం తెలిసిన మనిషి కావాలి, ఫీజు మాకు అందాలి. ఈ రెండూ ఒకచోట దొరకవేమో అనుకుంటుండగా దారి చూపించింది భీమవరం వైపు నుంచి వెళ్లి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఒక ట్రాన్స్ అమ్మాయి. మా అమ్మాయి ఆమెని అక్కా అంటుంది. "పిన్నిగారూ, నేను కూర్చుని మాట్లాడి బాగుపడిన చోటికే తీసుకెళ్తాను. మీరు నారాయణగూడ మెట్రో దగ్గర దిగండి, చాలు" అంది ఫోన్‌లో.

మీరు వెళ్లేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. సికింద్రాబాద్ పేరుతో రెండు మెట్రో స్టేషన్లున్నాయి. రైల్వే స్టేషన్‌కి దగ్గరగా ఉండేది ఈస్ట్, అది నీలం లైను. నారాయణగూడకి కావలసింది వెస్ట్, అది ఆకుపచ్చ లైను. ఆ రెండింటి మధ్య ఫ్లైఓవర్ కింద, పూలబుట్టలూ ఆటోల మధ్య దారి అడుగుతూ చాలాసేపు తిరిగాం. "సీదా పోయి లెఫ్ట్ తీస్కోండ్రి అమ్మా" అన్నాడు ఒక ఆటో అబ్బాయి, ఎక్కించుకుంటాననకుండానే. ఆకుపచ్చ లైన్లో గాంధీ ఆసుపత్రి, ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి దాటితే నారాయణగూడ. క్రాస్‌రోడ్స్ రాగానే మా అమ్మాయి కిటికీకి ముఖం ఆనించింది. సంధ్య, దేవి, సుదర్శన్ థియేటర్లు అక్కడే ఉంటాయి కదా, కటౌట్లు కనిపిస్తాయేమోనని!

స్టేషన్ మెట్లు దిగగానే ఆ అక్క ఎదురొచ్చి ముందు టిఫిన్ అంది. చిన్న ఇరానీ హోటల్‌కి తీసుకెళ్లింది. పొద్దున్నే పసుపుపచ్చని కిచిడీ, పక్కన ఖట్టా అని పుల్లటి చారులాంటిది, కావలసినవాళ్లకి ఖీమా. మా వైపు పొద్దున్నే పెసరట్టూ ఉప్మా తింటాం. కందిపప్పో పెసరపప్పో వేసి వండిన అన్నం ఒంట్లో బాగోనప్పుడు పెడతాం. ఇక్కడ ఆఫీసుకెళ్లేవాళ్లు వరసగా నిలబడి అదే తింటున్నారు. ఖట్టాలో నువ్వుల రుచి, చింతపండు పులుపు. నాకు భలే నచ్చింది, ఇంకాస్త పోయించుకున్నాను. పైన ఇరానీ చాయ్ తాగుతుంటే ఆ అక్క ఈ పేట కథ చెప్పింది.

ట్రాన్స్‌జెండర్ల కోసమే అన్ని రకాల వైద్యమూ ఒకచోట దొరికే మిత్ర్ క్లినిక్ 2021 జనవరిలో ఈ నారాయణగూడలోనే తెరిచారట. దేశంలో అలాంటిది అదే మొదటిదని పేరు. నడిపేవాళ్లలో కమ్యూనిటీ వాళ్లే ఉండేవారు. జ్వరం నుంచి హార్మోన్ల సలహా, మానసిక సాయం దాకా అన్నీ ఉండేవి. డబ్బు అమెరికా ప్రభుత్వ సాయం నుంచి వచ్చేది. 2025 మొదట్లో అక్కడ ఆ నిధులు ఆపేస్తే ఇక్కడ తలుపులు మూసేయాల్సి వచ్చింది. తర్వాత టాటా ట్రస్ట్స్ చెయ్యి అందించడంతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ మొదలైంది. ఎక్కడో వాషింగ్టన్‌లో పెట్టిన ఒక సంతకం వల్ల మా గోదావరి పిల్లలు కూడా ఆసరాగా అనుకున్న ఒక గది ఖాళీ అయిందంటే నాకు మనసంతా అదోలా అయింది. మళ్లీ తెరిచారని విని ఊపిరి పీల్చుకున్నాను.

"డాక్టర్లు కూడా మనవాళ్లున్నారు పిన్నిగారూ" అంది. ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ అనే ఇద్దరు ట్రాన్స్ మహిళలు 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో మెడికల్ ఆఫీసర్లుగా చేరారు. తెలంగాణ ప్రభుత్వ కొలువులో అలా చేరిన మొదటి డాక్టర్లు వాళ్లే. మా అమ్మాయి ఆ పేర్లు రెండుసార్లు పలికించుకుంది. బయటికొచ్చాక సిగ్నల్ దగ్గర యూనిఫాం వేసుకుని బళ్లని ఆపుతున్న ఒకామెని చూపించింది ఆ అక్క. 2024 చివర్లో హైదరాబాద్ పోలీసులు ట్రాన్స్‌జెండర్లని ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. మా వైపు ఇలాంటివాళ్లు కనిపించేది ఎక్కువగా రైళ్లలో, కొత్త కొట్టు ప్రారంభాల్లో. ఇక్కడ ఆమె చెయ్యి ఎత్తితే బస్సు ఆగింది. సిగ్నల్ మారినా మేం రోడ్డు దాటకుండా అలాగే నిలబడి చూశాం.

అక్కడి నుంచి హిమాయత్‌నగర్ దగ్గరే. వీధులకి నంబర్లున్నాయి. నంబర్లుంటే తేలికే అనుకుంటాం. కానీ ఒక నంబరు వీధి ఈ పక్క ఉంటే దాని తర్వాతిది ఎక్కడో తేలుతుంది. మా ఊళ్లో అయితే గుడి వెనక, చెరువు గట్టున అంటే సరిపోతుంది. ఒక మేడ ముందు వాచ్‌మన్ని అడిగితే "కౌన్సెలింగ్ మేడమా? రెండో ఫ్లోర్" అన్నాడు. బోర్డు మీద ఆవిడ పేరూ చదువూ తప్ప ఇంకేమీ రాయలేదు. లోపలికి వెళ్లేది ఎందుకో దారిన పోయేవాళ్లకి తెలియనక్కర్లేదు కదా.

ముందుగదిలో ఒక కాగితం ఇచ్చారు. నేను ఇంతవరకూ చూడని కాగితం అది. మొదటి ప్రశ్న "మిమ్మల్ని ఏ పేరుతో పిలవాలి?" ఆధార్ పేరు ఎక్కడో కింద, రసీదుకి కావాలంటేనే. తర్వాత "ఇంటికి ఫోన్ చేయాల్సి వస్తే ఏ పేరు వాడాలి?" ఎంత ముందుచూపు! ఇంట్లో తెలియని పిల్లలుంటారు, ఫోన్ నాన్న ఎత్తొచ్చు. ఆ పిల్ల చిక్కుల్లో పడకూడదని ఎవరో కూర్చుని ఆలోచించి రాసిన ప్రశ్న. మా అమ్మాయి తన పేరు తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసింది. రిసెప్షన్‌లో అబ్బాయి ఆ పేరుతోనే లోపలికి పిలిచాడు. ఇంటి బయట ఆ పేరు గట్టిగా వినడం మా ఇద్దరికీ అదే మొదలు.

తను లోపలుండగా పక్క కుర్చీలో వరంగల్ నుంచి వచ్చిన ఒక ట్రాన్స్ అబ్బాయి పలకరించాడు. వాళ్ల నాన్న తోడు రారట. "మీరొచ్చిండ్రు గదా ఆంటీ, గదే పెద్దది" అన్నాడు. అతనికి ఇంట్లో చేసుకెళ్లిన సున్నుండలు పెట్టాను. నెయ్యి వాసన చూసి నవ్వాడు.

తర్వాత కౌన్సెలర్ బయటికొచ్చి, "అమ్మాయి మిమ్మల్ని రమ్మంటోంది, వస్తారా?" అన్నారు. తను ఒప్పుకోకపోతే నన్ను పిలిచేవారు కాదు. నేను మొదట అడిగింది ఇది జబ్బా అని. కాదన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల పట్టికని మార్చి, 2022 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త పట్టికలో దీన్ని మానసిక రుగ్మతల్లోంచి తీసేసిందని, వైద్య సేవలు అందాలని లైంగిక ఆరోగ్యం అనే అధ్యాయంలో ఉంచిందని చెప్పారు. జబ్బు కానప్పుడు మీ దగ్గరికి రావడం ఎందుకని అడిగాను. "నిద్ర పట్టకపోవడానికి, బంధువుల మాటలకి, బస్సులో చూపులకి, ఇంటర్వ్యూ భయానికి. తను ఎవరో తేల్చడం నా పని కాదండీ. అది తనకి తెలుసు. ఆ తెలిసినదానితో హాయిగా బతకడానికి తోడుండటం నా పని" అన్నారు. నేను వెతికింది ఈ మాటే. మనిషిని మార్చేస్తామనే వైద్యం చేస్తే అది వృత్తిపరమైన తప్పని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే ప్రకటించిందని, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం జెండర్ని బట్టి వైద్యంలో తేడా చూపకూడదని కూడా అప్పుడే తెలిసింది. మా పట్నం డాక్టరు మాటకి మేం తల దించుకుని రానక్కర్లేదన్నమాట.

ఫీజు సంగతి ఆవిడే ఎత్తారు. ఇవ్వగలిగినవాళ్లు 1500 ఇస్తారు, అందువల్ల ఇవ్వలేనివాళ్లకి తగ్గించగలుగుతారు. మా అమ్మాయికి ఉద్యోగం వచ్చేదాకా 400 అనుకున్నాం. ముఖాముఖి కలిశాం కాబట్టి ఇకమీదట రెండు వారాలకోసారి ఫోన్లోనే చాలన్నారు. మందులు అవసరమైతే ఎర్రగడ్డ ప్రభుత్వ ఆసుపత్రి ఓపీకి వెళ్లొచ్చన్నారు. ఎర్రగడ్డ అనగానే ముఖం చిట్లించుకోనక్కర్లేదు, దిగులుకీ నిద్రలేమికీ అక్కడ రోజూ ఎందరో చూపించుకుంటారు. మధ్యలో తోచనప్పుడు 14416కి చేయమన్నారు. అది 2022లో కేంద్రం పెట్టిన టెలీ మానస్ నంబరు. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

నన్ను కదిలించిన ఇంకో సంగతి ఆవిడ చెప్పారు. 2021లో మద్రాసు హైకోర్టు జడ్జి ఆనంద్ వెంకటేశ్ ముందుకి ఇద్దరు ఆడపిల్లలు కలిసి బతుకుతామని రక్షణ కోరుతూ వచ్చారు. తనకి ఈ విషయం సరిగా తెలియదని ఆయన ఒప్పుకుని, తీర్పు రాయకముందు తానే ఒక మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. తీర్పులో ట్రాన్స్‌జెండర్ల మేలు కోసం కూడా ఆదేశాలిచ్చారు. అంత జడ్జి కూర్చోగా లేనిది నేనెందుకు కూర్చోకూడదని నాకూ ఒక గంట అడిగాను.

ఇప్పుడు మా అమ్మాయి ఫోన్లో మాట్లాడే గంట నేను వీధి అరుగు మీద పూలు కట్టుకుంటూ కూర్చుంటాను. ఎవరొచ్చినా అక్కడే మాట్లాడి పంపిస్తాను. చిన్న ఇళ్లలో ఆ గంట తలుపు కాయడం కూడా వైద్యంలో భాగమేనని నాకు అర్థమైంది.

మీరు బయల్దేరేముందు ఫోన్లోనే అడగాల్సినవి చెబుతాను. ట్రాన్స్‌జెండర్లతో ఇంతకుముందు పనిచేశారా? అఫర్మేటివ్ కౌన్సెలింగ్, అంటే మనిషిని మార్చాలని చూడకుండా ఉన్నది ఉన్నట్టు ఒప్పుకుని తోడుండే పద్ధతి, నేర్చుకున్నారా? ముంబైలోని మారీవాలా హెల్త్ ఇనిషియేటివ్ 2019 నుంచి కౌన్సెలర్లకి అలాంటి కోర్సు నడుపుతోంది, అది చేసినవాళ్లు చెబుతారు. హార్మోన్లు కావాలంటే ఏ డాక్టరు దగ్గరికి పంపుతారు? పిల్ల ఒప్పుకోకుండా ఇంట్లోవాళ్లతో మాట్లాడతారా? ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారా? మంచివాళ్లు ఈ ప్రశ్నలకి చిరాకు పడరు. చిరాకు పడితే ఇంకొకరిని అడగండి. అన్నిటికన్నా ముందు, అక్కడికి వెళ్లొచ్చిన ట్రాన్స్ మనిషిని ఒకరిని అడగండి. మాకు ఎక్కడా కనిపించని దారి భీమవరం అమ్మాయి ఒక్క ఫోన్లో చెప్పింది.

నాకోసం అడిగిన ఆ గంటలో కౌన్సెలర్ నాకొక పని అప్పగించారు. మా చుట్టాల్లో అమ్మాయిని తన పేరుతో పిలిచేవాళ్లని ఒక్కొక్కరిగా పెంచమన్నారు. ముందు మా ఆడపడుచుతో మొదలుపెట్టాను. నెల్లాళ్లు అలిగి, తర్వాత ఫోన్ చేసి, ఆ పేరుతోనే "దానికి ఇవ్వు, మాట్లాడతాను" అంది. తర్వాతి వంతు మా అన్నయ్యది. ఆయన కష్టమే, అయినా అడుగుతాను.