దూకానా? దూకించారా?

'జిందగీ నా మిలేగీ దొబారా' (2011)లో ముగ్గురు మిత్రులు స్పెయిన్ ఆకాశంలోంచి దూకుతుంటే కుర్చీలో కూర్చుని ఈల వేసినవాణ్ణి. ఆ ఈలే నన్ను స్పెయిన్‌లోని ఎంపూరియాబ్రావాకు ఈడ్చుకెళ్ళింది. సముద్రం పక్కన, ఇంటి గుమ్మంలోకే పడవలొచ్చే కాలవల ఊరు.

నాలుగు వేల మీటర్ల ఎత్తున విమానం తలుపు తీశారు. శిక్షకుడి పొట్టకి నా వీపు బిగించి కట్టేశారు. ఆయన గుమ్మంలో కూర్చుంటే నేను గుమ్మం బయట వేలాడుతున్నానన్నమాట! "వద్దు బాబోయ్!" అన్నాను, తెలుగులో. ఆయనకేం తెలుస్తుంది పాపం?

గంటకు 200 కిలోమీటర్ల వేగం. సినిమాలోలా సంగీతం లేదు, గాలి హోరే. నిమిషంలోపే పారాచూట్ విచ్చుకుంది. ఒక్కసారిగా నిశ్శబ్దం. పగ్గాలు నా చేతికిచ్చాడు. కళ్ళు చెమర్చాయి.

"ఏమండీ, నిజంగా మీరే దూకారా?" అంది కింద మా ఆవిడ. పగ్గాల సంగతి మాత్రమే చెప్పాను.