రెండు పట్టీల హిసాబ్

మా ఆపా కొడుకు ఎల్‌బీనగర్‌లో ఒక ఆన్‌లైన్ పరీక్షల సెంటర్‌లో సర్వర్లు చూస్తాడు. పోయిన జుమా నమాజయ్యాక, పీడీయూలు కొనాలని నన్ను దిల్‌సుఖ్‌నగర్ తీసుకుపోయాడు. పీడీయూ అంటే, ర్యాక్ వెనకాల నిలువుగా బిగించే పొడుగాటి ప్లగ్గుల పట్టీ. యూపీఎస్ కరెంటుని సర్వర్లకు తక్సీమ్ చేస్తుంది.

"మామూ, 16 ఆంప్స్‌వి రెండు తెమ్మన్నాడు మాలిక్. సస్తా గదా."

ఉర్దూ మీడియంలో చదివి తెలుగు డిగ్రీ చేసిన నాకు ఆంప్స్‌తో ఏం వాస్తా? కానీ హిసాబ్ జర్నలిస్టుకైనా హిసాబే. ఒక్కో సర్వర్‌కి రెండు పవర్ సప్లైలు; ఒకటి కుడి పట్టీకి, ఒకటి ఎడమ పట్టీకి. మొత్తం బోఝ్ 20 ఆంప్స్. పట్టీకి పదేసి, అంతా ఖైరియత్. మరి ఒక పట్టీ బందైతే? ఇరవైకి ఇరవై రెండోదాని మీదే పడతాయి. పదహారుది ఎట్ల మోస్తుంది? బ్రేకర్ పడిపోతుంది. రెండు పట్టీలుండీ ఫాయిదా సున్నా.

వాడు ఇంతకుముందు పనిచేసిన చోట సరిగ్గా అదే అయింది, పరీక్ష నడిమధ్యలో. బిడ్డను తోలుకొచ్చిన ఒక అబ్బాజాన్ మెట్ల మీద కూర్చుని, "మళ్లీ పెడతారా బాబూ?" అని వచ్చేపోయేవాళ్లందర్నీ అడిగాడట. ఆ మాట వీడింకా మర్చిపోలేదు.

32 ఆంప్స్‌వి కావాలి. ఆంప్స్ చూపించే మీటరున్నవైతే ఇంకా బెహతర్. రిమోట్‌తో ఒక్కో ప్లగ్గు ఆపే ఖరీదైనవి మాత్రం, మనిషి ఎప్పుడూ పక్కనే ఉండే గదికి ఫుజూల్ అనే నా రాయ్. యూపీఎస్ నుంచి వచ్చే వైరూ, బ్రేకరూ కూడా 32కి తగ్గవే ఉండాలి, అదింకో ఖర్చు.

షాపు బయటికొచ్చి మాలిక్‌కి ఫోన్ కలిపాడు. "సాబ్, ధర తర్వాత చెప్తా. ముందు ఇది వినండి..."